గురువును ఒత్తి పలకకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆటవెలది పద్యాలు అందాయి. కొన్ని బాగున్నాయి. నాచేత కలం పట్టించింది మాత్రం నాలుగో పద్యంలో నువ్వు కొట్టేసిన పాదం. ‘వాని స్నేహమందు వాడని నవ్వులు’ అని హాయిగా రాసి, ‘ని’ పక్కన ‘స్నే’ అనే జంటాక్షరం ఉంది గనక, పొట్టి అక్షరమైన లఘువు ‘ని’ కాస్తా దీర్ఘంగా లెక్కపడే గురువైపోయిందని బెదిరి, స్నేహాన్ని కొట్టేసి ‘మైత్రి’ పెట్టావు. ఎవరయ్యా నీకు చెప్పింది? ‘బాల్యస్నేహం’లో ‘ల్య’ గురువే, అది సమాసం, ఒక్క ఊపున నోటికొస్తుంది. ‘వాని’ విడి మాట, తర్వాతిది విడి మాట. అక్కడ ‘ని’ లఘువుగానే ఉంటుంది. గణాలంటే అక్షరాల గుంపులేగా: మూడు హగణాలు (గురువు, లఘువు), రెండు భగణాలు (గురువు, రెండు లఘువులు), పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదట జోడు కుదిరే వా-వా యతి, ఇంకేం కావాలి? ఆ పాదం మళ్లీ పెట్టు.

‘లఘువు తర్వాత గురువు వచ్చే లగం అంటే ఇంగ్లిషు పద్యాల్లోని అయాంబ్ గణమే కదా, గురువును ఒత్తి పలకాలా’ అన్నావు. వద్దు నాయనా. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మనది కాలం లెక్క. ఇంగ్లిషులో ‘రికార్డ్’ అన్న మాటకు మొదటి అక్షరం మీద ఊనిక పడితే నామవాచకం, రెండో దాని మీద పడితే క్రియ. తెలుగులో అలా ఎక్కడ ఒత్తినా అర్థం మారదు. అసలు అయాంబ్ గ్రీకుల మాట. వాళ్లకూ అది హ్రస్వం తర్వాత దీర్ఘమే. ఇంగ్లిషువాళ్లు పేరు తెచ్చుకుని తమ ఊనికకు తగిలించారు. చుట్టరికం కలుపుకోవాలంటే గ్రీకులతో కలుపుకో.

అక్షరం అక్షరం నెత్తినా పెన్సిలు గుర్తులు పెట్టడం ముందు మానెయ్. అష్టావధానంలో అవధాని చేతిలో కాగితం ఉండదు, ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. అయినా గణం తప్పదు. ఎందుకంటే ఆయన లెక్క చెవిలో జరుగుతుంది. నా చిన్నప్పుడు మా ఊళ్లో పౌరాణిక నాటకం ఆడితే, నటుడు పద్యం చివరి లఘువును పట్టుకుని హార్మోనియంతో పోటీపడి లాగేవాడు. జనం ‘వన్స్ మోర్’! ఆ మోజులో నేనూ ప్రతి పద్యాన్నీ రాగంలో ముంచేవాణ్ని. మా తెలుగు మాస్టారు రాగం మాన్పించి, మాట్లాడినట్టు చదవమన్నారు. గణాలు గుర్తుపెట్టుకునే ‘యమాతారాజభానసలగం’ సూత్రం బళ్లో అందరం వల్లించాం గానీ, నాకు గణాలు వినబడింది ఆ తర్వాతే.

పద్యాలు ఎవరు వేస్తారని అడిగావు. ఒకప్పుడు ఓ సంపాదకుడు నా కంద పద్యాలు తిప్పి పంపుతూ, పద్యానికి కాలం చెల్లింది, వచన కవిత ఉంటే పంపండన్నాడు. ఉగాది సంచికలో మూల మిగిలేసరికి అదే మనిషి ఫోన్ చేసి ‘నాలుగు పద్యాలుంటే పంపండి గురువుగారూ’ అన్నాడు. పంపలేదు.

పుస్తకం అచ్చు ఖర్చుల మాట తర్వాత చూద్దాం. నీ కందాల్లో ఆరో గణం చూసుకో. అక్కడ నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) ఉండాలి, నువ్వు రెండుచోట్ల భగణం వేశావు. దిద్ది పంపు, ఈసారి గుర్తులు లేకుండా.