డాక్టర్ సలహా: తొలిసారి మంచు ఆటలకు వెళ్తున్నారా? మోకాలికి ఏది, మణికట్టుకు ఏది ప్రమాదమో తెలుసుకోండి

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జనవరి నెలాఖరులో కుటుంబంతో గుల్మార్గ్ వెళ్తున్నాం. అక్కడ నాలుగు రోజులు ఉంటాం. స్కీయింగ్, స్నోబోర్డింగ్, స్లెడ్జింగ్ అన్నీ చేసి చూడాలని మా కోరిక. ఎవరికీ అనుభవం లేదు. రెండేళ్ల క్రితం బ్యాడ్మింటన్ ఆడుతుండగా నా కుడి మోకాలి లోపలివైపు లిగమెంటు దెబ్బతింది. ఆపరేషన్ లేకుండానే తగ్గింది. ఇప్పుడు నొప్పి లేదు కానీ, మెట్లు వేగంగా దిగేటప్పుడు అప్పుడప్పుడు మోకాలు పట్టు తప్పినట్లు అనిపిస్తుంది. నా భార్య వీణ నేర్పుతారు. పాపకు 11 ఏళ్లు. మాలో ఎవరికి ఏ ఆట మంచిది?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా: మీరు రాసిన వివరాల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టు తప్పడం. నొప్పి లేనంత మాత్రాన మోకాలు గట్టిపడిందని అనుకోకూడదు. లోపలివైపు లిగమెంటు సాధారణంగా దానంతటదే బాగా అతుక్కుంటుంది. అయినా పట్టు తప్పుతోందంటే తొడ కండరం బలహీనపడి ఉండాలి. లేదంటే అదే దెబ్బలో మోకాలి మధ్యనుండే ఏసీఎల్ లిగమెంటుకో, నెలవంక ఆకారంలోని మృదులాస్థికో కూడా గాయమై, అది అప్పట్లో బయటపడకపోయి ఉండాలి. ఆర్థోపెడిక్ డాక్టర్ మోకాలిని చేత్తో కదిపి చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది. అనుమానం ఉంటే ఎంఆర్ఐ చేయిస్తారు. ప్రయాణానికి ముందే ఈ పరీక్ష చేయించుకోండి. ఏసీఎల్ తెగినట్లు తేలితే ఈసారి స్కీయింగ్, స్నోబోర్డింగ్ రెండూ వద్దు. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను.

మోకాలు బాగానే ఉందని తేలితే అప్పుడు ఏ ఆట అన్న ప్రశ్న వస్తుంది. స్కీయింగ్‌లో రెండు కాళ్లకు రెండు పొడవాటి పలకలు విడివిడిగా ఉంటాయి. గట్టి బూటు చీలమండను కదలనివ్వదు. అందుకే పలక కొస మంచులో ఇరుక్కుని మెలి తిరిగితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. కొత్తవారికి వేగం తగ్గించడానికి మొదట నేర్పేది ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా పెట్టి, లోపలి అంచులతో మంచును నొక్కడం. ఆ భంగిమలో ఒక పలక పక్కకు జారిపోతే సాగేది మోకాలి లోపలివైపు లిగమెంటే. మీకు పాత దెబ్బ ఉన్నది సరిగ్గా అక్కడే.

స్నోబోర్డింగ్‌లో రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి కాబట్టి మోకాళ్లు విడివిడిగా మెలి తిరిగే అవకాశం తక్కువ. అయితే కొత్తవారు అటో ఇటో పడుతూనే ఉంటారు, పడిన ప్రతిసారీ చేతులు ముందుకు చాచేస్తారు. మణికట్టు విరగడం ఈ ఆటలో అందుకే ఎక్కువ. బోర్డుకు మడమల వైపు ఉండే అంచు మంచులో దిగబడితే మనిషి ఉన్నపళంగా వెల్లకిలా పడతాడు. తల వెనుక భాగం నేలకు కొట్టుకుంటుంది. కాబట్టి మోకాలి పరీక్షలో పాసైతే మీకు స్నోబోర్డింగ్ మేలని నా అభిప్రాయం. మణికట్టు కవచాలు, హెల్మెట్ లేకుండా మాత్రం దిగవద్దు. పడేటప్పుడు పిడికిలి బిగించి, మోచేతుల నుంచి మణికట్టు దాకా ఉండే భాగం మీద బరువు పడేలా చూసుకోండి. వాలు పైకి తీసుకెళ్లే లిఫ్టు ఎక్కి దిగేటప్పుడు వెనుక పాదాన్ని బోర్డు నుంచి విప్పేస్తారు. అప్పుడు ముందు కాలి మోకాలు మెలి పడగలదు. మీ కుడి కాలు వెనుక ఉండేలా బోర్డు కట్టించుకోండి.

మీ శ్రీమతికి మాత్రం స్నోబోర్డు వద్దంటాను. వీణ నేర్పే చేతికి మణికట్టు విరిగితే ఎముక అతుక్కున్నా వేళ్ల సులువు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఆవిడకు స్కీయింగే నయం. అందులోనూ చేతికి ఒక ప్రమాదం ఉంది. చేతికర్ర పట్టుకుని పడితే ఆ కర్ర బొటనవేలిని బయటికి విరిచినట్లు లాగి, దాని మొదట్లోని లిగమెంటును తెంపుతుంది. స్కీయింగ్ చేసేవాళ్లలో ఇది ఎంత తరచుగా కనిపిస్తుందంటే వైద్యంలో దీన్ని ‘స్కీయర్ బొటనవేలు’ అనే పిలుస్తారు. మొదటి పాఠాలకు చేతికర్రలు అక్కర్లేదు. అవి లేకుండా నేర్పమని అడగమనండి. తర్వాత పట్టుకున్నా పట్టీని మణికట్టుకు తగిలించుకోకూడదు, పడుతున్నామనగానే కర్ర వదిలేయాలి.

నాలుగు రోజుల్లో అన్నీ చేయాలన్న ఆలోచన మానుకోండి. ఎలా నిలబడాలో, ఎలా పడాలో ఒక్కో ఆటలో ఒక్కోలా ఉంటుంది. ఒకటి శరీరానికి అలవాటు కాకముందే రెండోదానికి మారితే రెండింటిలోనూ మొదటిరోజు తడబాటే మిగులుతుంది. ఎవరి ఆట వారు ఎంచుకుని, శిక్షకుడి దగ్గర కనీసం రెండు రోజులు నేర్చుకోండి. కేంద్ర పర్యాటక శాఖ ఆధ్వర్యంలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ గుల్మార్గ్‌లోనే ఉంది. వారి కోర్సు రోజులు మీకు కుదరకపోతే, కొత్తవారి కోసం ఉండే తక్కువ వాలు మీద నేర్పే అనుభవజ్ఞులైన శిక్షకులు దొరుకుతారు.

అద్దె పరికరాల విషయంలో చాలామంది తొందరపడతారు. స్కీ పలకకు బూటును పట్టి ఉంచే బిగింపు, పడినప్పుడు ఊడిపోవాలి. ఎంత ఒత్తిడికి ఊడాలన్నది మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీ నైపుణ్యాన్ని బట్టి సరిచేస్తారు. బరువు తప్పు చెప్పినా, కాస్త వచ్చని గొప్పకు పోయినా ఆ బిగింపు మీ కాలికి సరిపోదు. ‘ఇప్పుడే మొదలు’ అని చెప్పి, బిగింపు ఎలా ఊడుతుందో మీ కళ్లముందే చూపించమనండి. బూటు అడుగున మంచు ముద్ద కట్టి ఉంటే అది సరిగా కూర్చోదు. ప్రతిసారీ గీకి శుభ్రం చేశాకే అడుగు పెట్టాలి. ఇంకో మాట. ఈ బిగింపు ప్రధానంగా కాలి ఎముకను విరగకుండా కాపాడుతుంది. నెమ్మదిగా మెలి తిరుగుతూ పడితే అది ఊడకపోవచ్చు, అప్పుడు మోకాలికి రక్షణ ఉండదు. అందుకే పడుతుంటే మొండికేయకుండా పక్కకు పడిపోవాలి. జారడం పూర్తిగా ఆగేదాకా లేవడానికి ప్రయత్నించకూడదు. జారుతూ లేవబోవడం ఏసీఎల్ తెగడానికి పేరుపొందిన కారణాల్లో ఒకటి.

పాపకు స్కీయింగ్ మంచిది. పిల్లలు త్వరగా నేర్చుకుంటారు. హెల్మెట్ తలకు సరిగ్గా పట్టాలి, పెద్దవాళ్లది పెట్టి పట్టీ బిగిస్తే కుదరదు. ఈ వయసులో ఎముకల చివర్లలో ఎదుగుదల పొరలు ఉంటాయి. పడ్డాక ఎముక మీద నొక్కితే నొప్పి అంటే బెణుకని సరిపెట్టకుండా ఎక్స్‌రే తీయించండి. స్లెడ్జి బండి మీద కాళ్లు ముందుకు చాపి కూర్చోవాలి, బోర్లా పడుకుని తల ముందు పెట్టి జారకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడమూ వద్దు, ఇద్దరి బరువుతో బండిని ఆపడం కష్టం. ఆటలో మునిగిన పిల్లలు చలి సంగతి చెప్పరు. మధ్యమధ్య గ్లోవ్స్ తీసి వేళ్లు చూడండి. తెల్లబడి స్పర్శ తగ్గితే లోపలికి తీసుకెళ్లి గోరువెచ్చని నీటిలో పెట్టాలి. రుద్దకూడదు, మంటకు కాచకూడదు.

గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి కేబుల్ కారు గొండోలాలో రెండో దశ ఎక్కితే అఫర్వత్ శిఖరం వైపు 3,900 మీటర్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లినవారికి మొదటిరోజు విశ్రాంతే సరైన పని. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటే అవి తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లకండి, మద్యం జోలికి పోకండి. కూర్చున్నా ఆయాసం వచ్చినా, నడక తూలినా వెంటనే శ్రీనగర్ వైపు దిగిపోయి ఆస్పత్రికి వెళ్లాలి. రెండో దశ వాలు కొత్తవాళ్లకు కాదు. అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్లద్దాలు మబ్బు పట్టిన రోజైనా పెట్టుకోండి. తాజా మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అద్దాలు లేకపోతే పగలు ఏమీ తెలియదు, రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది.

ఇంకా సమయం ఉంది కాబట్టి డాక్టర్ సరేనంటే ఈరోజే వ్యాయామం మొదలుపెట్టండి. గోడకు వీపు ఆనించి కుర్చీలో ఉన్నట్లు కూర్చోవడం, ఒంటికాలి మీద నిలబడటం, మెట్టు మీద నుంచి ఒక కాలిని చాలా నెమ్మదిగా కిందికి దించడం. ఈ మూడూ రోజూ చేయాలి. ఆరు వారాలు చేస్తే తొడ కండరంలో తేడా మీకే తెలుస్తుంది. అక్కడ మధ్యాహ్నం దాటాక కాళ్లు వణుకుతుంటే ‘ఇంకొక్కసారి’ అనకుండా ఆపేయండి. అలసిన కండరం మోకాలిని కాపాడలేదు.

తిరిగొచ్చాక బొటనవేలి వైపు మణికట్టులో నొప్పి, లేదా చీలమండ బయటివైపు నొప్పి తగ్గకపోతే, మొదటి ఎక్స్‌రే బాగుందన్నారని ఊరుకోవద్దు. మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముక, చీలమండలోని టాలస్ ఎముక చిట్లినా తొలిరోజుల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. రెండోది స్నోబోర్డు ఆడేవాళ్లలో బెణుకుగా పొరబడే గాయం. పది రోజులు దాటినా నొప్పి ఉంటే స్నోబోర్డు ఆడుతూ పడ్డానని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పి, మళ్లీ ఎక్స్‌రే గానీ, సీటీ లేదా ఎంఆర్ఐ గానీ తీయించుకోండి.