దైవాసుర సంపదలు రెండు రకాల మనుషులవా, ఒకే మనిషిలోనివా?

భగవద్గీత 16వ అధ్యాయం ఈ లోకంలో దైవమనీ ఆసురమనీ రెండు సృష్టులున్నాయని చెబుతోంది కదా, అంటే మనుషులు పుట్టుకతోనే మంచివాళ్ళుగా, చెడ్డవాళ్ళుగా విడిపోయి ఉన్నారా, లేక దైవ, ఆసుర సంపదలనే ఆ రెండు రకాల గుణాలూ ఒక్క మనిషిలోనే పోరాడుతుంటాయా అని మీరు అడిగారు. ఒక్క మనిషిలోనే అని నా దృఢమైన నమ్మకం. అయితే 6వ శ్లోకాన్ని మాత్రమే చూస్తే మీ సందేహం న్యాయమైనదే. మధ్వాచార్యుల ద్వైత సంప్రదాయంలో జీవుల మధ్య స్వభావసిద్ధమైన తారతమ్యాన్ని అంగీకరిస్తారు కనుక, వారి దృష్టిలో ఈ విభజన జీవులకు సంబంధించినదే.

నన్ను రెండో అర్థం వైపు నడిపించినది బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలోని ఒక కథ. ప్రజాపతి సంతానమైన దేవతలూ అసురులూ పోటీపడతారు. దేవతలు తక్కువమంది, అసురులు ఎక్కువమంది. వీరు ఎక్కడో స్వర్గపాతాళాలలో ఉన్నవారు కారనీ, వాక్కు మొదలైన ఇంద్రియాలే శాస్త్రం చూపిన దారిలో నడిచినప్పుడు దేవతలనీ, స్వభావం లాగినవైపు పోయినప్పుడు అసురులనీ శంకరాచార్యులు భాష్యంలో వివరించారు. మొదటి దారికి ఎంతో ప్రయత్నం కావాలి కనుకనే ఆ పక్షంవారు తక్కువ. ఇక కథలో దేవతలు తమ కోసం ఉద్గీథాన్ని, అంటే సామగానంలోని ముఖ్యభాగాన్ని, గానం చేయమని వాక్కును అడుగుతారు. వాక్కు ఆ గానఫలాన్ని దేవతలకు ఇస్తూనే, చక్కగా పలకడం వల్ల కలిగే మేలును మాత్రం తనకే ఉంచుకుంది. అసురులు వచ్చి దానిని పాపంతో కొట్టారు. ఆ తర్వాత ఘ్రాణానికీ, కంటికీ, చెవికీ, మనసుకూ అదే గతి పట్టింది. చేస్తున్నది మంచిపని, నిలబడినది దేవతల పక్షం. అయినా అందులో తనకోసం దాచుకున్న ఆ కాస్త భాగం దగ్గరే పాపానికి దారి దొరికింది.

ఈ మాట ఎంత నిజమో పొలం పంపకాలలో నాకు తెలిసివచ్చింది. నాన్నగారు పోయిన తర్వాత మా అన్నదమ్ములిద్దరికీ ఉన్న పొలాన్ని రెండు చెక్కలు చేయవలసి వచ్చింది. ఒక చెక్కలో బోరు ఉంది, రెండోది వానను నమ్ముకున్నది. పెద్దమనుషులు మా వసారాలో కూర్చుని కాగితం మీద గట్లు గీస్తుంటే, నా మనసులో ఒకదాని వెనక ఒకటిగా కారణాలు పుట్టుకొచ్చాయి. నేను పెద్దవాడిని, నాన్నగారి వైద్యానికి ఎక్కువ ఖర్చు పెట్టింది నేను, బోరు వేయించిన రోజున దగ్గరుండి చూసుకున్నది నేను, తమ్ముడికి పట్నంలో ఉద్యోగం ఉంది. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. చివరికి, ఆ చెక్క నాకు వస్తే ఊరి రామాలయానికి ఏటా ధాన్యం ఇస్తానన్న ఆలోచన కూడా వచ్చింది.

16వ అధ్యాయం 13 నుంచి 15 వరకు ఉన్న శ్లోకాలు నాకు గుర్తుకొచ్చింది అప్పుడే. అక్కడ ఆసుర స్వభావం తన గొంతుతో తానే మాట్లాడుతుంది: ఈరోజు ఇది సంపాదించాను, రేపు ఆ కోరికా తీర్చుకుంటాను, ఈ శత్రువును చంపాను, మిగతావారినీ చంపుతాను, నాకు సాటి ఎవరున్నారు. ఆ వరుసలోనే యజ్ఞం చేస్తాను, దానం ఇస్తాను అన్న మాటలూ ఉన్నాయి. నా ధాన్యం మొక్కు ఆ జాబితాలో ముందే రాసి ఉంది! కామానికి ఇంద్రియాలు, మనసు, బుద్ధి మూడూ నివాసాలని 3వ అధ్యాయంలో కృష్ణుడు చెప్పినది కూడా ఇందుకే అనుకుంటాను. ఇంద్రియాల మాట మనకు ఎలాగూ తెలుసు. బుద్ధిని ఆ లెక్కలో చేర్చడమే భయపెట్టే విషయం, ఎందుకంటే మంచిచెడ్డలు తేల్చవలసిన బుద్ధే మన ఆశ తరఫున వకాల్తా పుచ్చుకుని వాదిస్తుంటే, లోపల జరుగుతున్నది పోరాటమని కూడా మనకు తెలియదు.

బోరు చెక్క వచ్చినవారు రెండోవారికి ఇంత సొమ్ము ఇవ్వాలని ముందే ఖాయం చేసి, చీట్లు వేద్దామని నేనే అన్నాను. బోరు తమ్ముడికి వెళ్ళింది, అనుకున్న సొమ్ము నాకు ముట్టింది. అంతటితో లోపలి గొడవ ఆగలేదు. ఎండాకాలంలో ఆ మోటారు చప్పుడు వినబడినప్పుడల్లా పాత కారణాలన్నీ మళ్ళీ వరుస కడతాయి. అయితే ఆ అధ్యాయం చివరి శ్లోకంలో, ఏది చేయాలో ఏది చేయకూడదో తేల్చుకోవడానికి శాస్త్రమే నీకు ప్రమాణం అని ఎందుకు చెప్పారో నాకు అర్థమైంది. మన ఆశకు లొంగని ప్రమాణం ఒకటి మనకు వెలుపల ఉండాలి. చీటీ శాస్త్రం కాకపోయినా, ఆ పూట నా వాదనలకు లొంగనిది అదొక్కటే.

మీరు ఆ అధ్యాయాన్ని మళ్ళీ చదివేటప్పుడు 5వ శ్లోకం దగ్గర కాసేపు ఆగండి. నువ్వు దైవ సంపదతోనే పుట్టావు, దుఃఖించకు అని కృష్ణుడు అర్జునుణ్ణి ఓదార్చవలసి వచ్చిందంటే, తాను ఏ వైపువాడో అన్న దిగులు అర్జునుడికీ కలిగి ఉండాలి. తర్వాత 13 నుంచి 15 వరకు ఉన్న శ్లోకాలను ఎవరో రాక్షసుడి మాటలుగా కాక, అందులోని ‘నేను’ను మీ నేనుగానే పెట్టుకుని పైకి చదవండి.