వేసవిలో ఇంటి నుంచి టైపింగ్ పని
ప్రశ్న: ఇంటర్ చదివే మా అమ్మాయి సెలవుల్లో ఆన్‌లైన్‌లో తెలుగు టైపింగ్ చేస్తానంటోంది. రిజిస్ట్రేషన్‌కు 999 రూపాయలు కట్టమని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. కట్టమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: కట్టకండమ్మా. పని ఇచ్చేవారు డబ్బు ఇస్తారు, అడగరు. ఇలాంటివాళ్లు తర్వాత తప్పులున్నాయంటూ జరిమానా, కోర్టు నోటీసు అని బెదిరిస్తారు. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పని మాత్రం మంచిదే. మీ ఊరి డీటీపీ సెంటర్లను, ప్రెస్సులను అడగండి. యూనికోడ్‌లో (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనిపించే తెలుగు) కావాలా, అను ఫాంట్లలోనా (ప్రెస్సుల్లో వాడే పాత పద్ధతి అక్షరాలు) అన్నది ముందే తేల్చుకోవాలి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో యూనికోడ్ అక్షరాలు చెదిరిపోతాయి, పనంతా వృథా. పేజీకి రేటు, ప్రూఫు ఎవరు దిద్దాలో మెసేజ్‌లో రాయించుకోండి. మొదట రెండు పేజీలే పంపి, డబ్బు అందాక మిగతావి ఇవ్వమనండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అడిగితే అది మోసమే.