అన్యాయస్థుణ్ణి మెచ్చుకోవడమేమిటి?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా సంఘంలో యువకులకు ఆదివారం బైబిలు తరగతి నేనే చెబుతాను. మొన్న లూకా 16వ అధ్యాయంలోని గృహనిర్వాహకుని ఉపమానం చదువుతుండగా, డిగ్రీ చదివే ఒక అబ్బాయి లేచి, "అయితే యజమాని లెక్కలు దిద్ది మన పని మనం చక్కబెట్టుకోవచ్చన్నమాట!" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక సహకార సంఘంలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన నాకు ఆ నవ్వులో కలవడం చేతకాలేదు, జవాబు చెప్పడమూ చేతకాలేదు. ప్రభువు ఇలాంటివాణ్ణి ఎందుకు మెచ్చుకున్నాడు? — ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ అబ్బాయిని మందలించకండి. ఈ కథ విన్న ఎవరికైనా మొదట తోచవలసిన మాటే అతనికి తోచింది. ఆ మాట తోచకుండా దీన్ని చదివేవారు బహుశా సరిగా చదవడం లేదు.

ముందు కథలోని మనిషిని చూద్దాం. గృహనిర్వాహకుడు అనగానే మనకు ఇంటి పనులు చూసేవాడు గుర్తుకు వస్తాడు. నిజానికి ఇతడు ధనవంతుడి ఆస్తినంతా ఆయన తరఫున నడిపేవాడు, మన జమీందారీలలో దివాను వంటివాడు. ఆస్తి పాడుచేస్తున్నాడని ఫిర్యాదు రాగా, లెక్క అప్పగించి పని వదలమని యజమాని చెప్పాడు. "త్రవ్వలేను, భిక్షమెత్తుటకు సిగ్గుపడుచున్నాను" అనుకుని, పని పోయాక బాకీదారులు తనను తమ ఇళ్లలో చేర్చుకోవాలని వారిని ఒక్కొక్కరినే పిలిచి, నూరు మణుగుల నూనెను యాభైగా, నూరు తూముల గోధుమలను ఎనభైగా వారి చేతనే రాయించాడు. మణుగు, తూము అనేవి అనువాదకులు మన చెవికి తెలిసేలా వేసిన పేర్లు. మూలంలో నూనెకు బాత్, గోధుమలకు కోరు అనే కొలతలు ఉన్నాయి. బాత్ ఇరవై లీటర్లకు తక్కువ కాదు, పది బాత్‌లు ఒక కోరు అని యెహెజ్కేలు 45:14 చెబుతుంది. అంటే ఇది పొరుగింటివారు గిన్నెతో అడిగి తీసుకున్న నూనె కాదు, రెండు వేల లీటర్లకు పైమాట. "త్వరగా కూర్చుండి" అన్న మాటను మీరు ప్రత్యేకంగా గమనిస్తారనుకుంటాను. అతని ఉద్యోగం పోయిన సంగతి బాకీదారులకు ఇంకా తెలియదు. అది తెలిసేలోపు బాకీ చీటీలు మారిపోవాలి, అది కూడా వాళ్ల చేతిరాతతోనే!

ఇబ్బంది తప్పించడానికి కొందరు వ్యాఖ్యాతలు ఒక దారి చూపుతారు. సాటి ఇశ్రాయేలీయుని వద్ద వడ్డీ తీసుకోరాదని ద్వితీయోపదేశకాండము 23:19 శాసిస్తుంది గనుక, ఆ వడ్డీని సరుకులోనే కలిపి చీటీ రాయించుకునేవారనీ, ఇతడు తగ్గించింది ఆ అక్రమ వడ్డీనో తన కమీషనునో గాని యజమాని సొత్తును కాదనీ వారి వాదన. వినడానికి ముచ్చటగానే ఉంది. కాని లూకా వచనాలలో వడ్డీ ప్రసక్తి గాని కమీషను ప్రసక్తి గాని లేదు. పైగా చీటీలు మార్చిన తరువాత కూడా 8వ వచనం అతణ్ణి అన్యాయస్థుడనే పిలుస్తోంది. ఉపమానం తానే దోషి అన్నవాణ్ణి మనం నిర్దోషిని చేయబూనడం నాకు సమ్మతం కాదు.

నా దృష్టిలో చిక్కుముడి ఒక్క మాటలో ఉంది. యజమాని మెచ్చుకున్నది అతడు "యుక్తిగా" నడుచుకొన్నందుకు. యుక్తి అంటే మన వాడుకలో కుయుక్తికి ఆమడ దూరం కూడా ఉండదు. అయితే ఇక్కడి గ్రీకు మాట, బండమీద ఇల్లు కట్టినవాడికీ, సిద్దెలలో నూనె తీసుకొనిపోయిన అయిదుగురు కన్యకలకూ, "పాములవలె వివేకులు" అన్నచోటా మత్తయి వాడిన మాటతో ఒకటే. తెలుగులో అది ఒకచోట బుద్ధి, ఒకచోట వివేకం, ఇక్కడ యుక్తి అయింది కాబట్టి ఆ చుట్టరికం మనకు కనబడదు. వీరందరిలోనూ ఉన్నది రాబోయేదాన్ని ముందే పసిగట్టి, సమయం ఉండగానే కదలడం. మెప్పు దానికే. 18వ అధ్యాయంలో అన్యాయస్థుడైన న్యాయాధిపతి విషయమూ ఇంతే: అలాంటివాడే విసిగి విధవరాలికి న్యాయం తీరిస్తే, దేవుడు తీర్చడా అన్నదే అక్కడి తర్కం గాని, దేవుడు ఆ న్యాయాధిపతి వంటివాడని కాదు.

మెచ్చుకున్నది ఎవరన్నది కూడా చూడాలి. 8వ వచనంలోని గ్రీకు పదానికి ప్రభువు అనీ యజమాని అనీ రెండర్థాలూ ఉన్నాయి. మన అనువాదం "యజమానుడు" అంది. 3, 5 వచనాలలో అదే పదం ఆ ధనవంతుణ్ణే సూచిస్తున్నందువల్ల ఇది సరైన నిర్ణయమే. యేసు చెప్పింది ఆ మెప్పు కాదు, దాని వెంట వచ్చే పోలిక: ఈ లోక సంబంధులకు తమ వ్యవహారాలలో ఉన్న చురుకు వెలుగు సంబంధులకు తమవాటిలో లేదని.

ఇక మీ విద్యార్థికి జవాబు మరో నాలుగు వచనాల దూరంలోనే ఉంది. "మీరు పరుల సొమ్ము విషయములో నమ్మకముగా ఉండనియెడల మీ సొంతమైనది మీకెవడిచ్చును?" అని 12వ వచనం అడుగుతుంది. ముప్పై ఏళ్లు పరుల సొమ్ము లెక్క రాసిన మీరు ఈ వచనాన్ని చదివి వినిపిస్తే తరగతి నవ్వదు. అక్కడితో ఆపకుండా 19వ వచనం నుంచి ధనవంతుడు, లాజరు కథ కూడా ఆ అబ్బాయి చేతనే చదివించండి. అన్యాయపు సిరివలన స్నేహితులను సంపాదించుకొనుడి అని 9వ వచనం చెప్పింది గదా, అలా చేసుకోదగిన ఒక స్నేహితుడు ఆ ధనవంతుడి వాకిటనే, కురుపులతో, ప్రతిరోజూ పడివున్నాడు.