పక్షిని ఇంటికి తెచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

పాపకు రామచిలుక కొనడానికి ఆదివారం హైదరాబాద్ పాతబస్తీలో పక్షులమ్మే ముర్గీచౌక్ వెళ్తానని ఫోనులో అన్నావు. ఆ ఆలోచన మానుకో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. చట్టం మాట అటుంచి, చిలుక పిల్లలను చాలావరకు చెట్టు తొర్రల్లోంచి ఎగరడమైనా రాకముందే లాక్కొస్తారు. పాపను ఒక సాయంత్రం కేబీఆర్ పార్కుకు తీసుకెళ్లు. గుంపులు గుంపులుగా అరుచుకుంటూ గూళ్లకు పోయే చిలుకలను చూస్తే పంజరం అడగదు.

ఇంట్లో పక్షి ఉండాలనుకుంటే పంజరాల్లోనే పుట్టి పెరిగే బడ్జీలనో, తల మీద కుచ్చుండే కాకటీల్‌నో తెచ్చుకో; రెండూ చిన్న చిలుక జాతులు. రెండూ ఆస్ట్రేలియా జాతులే. మన దుకాణాల్లో ‘లవ్ బర్డ్స్’ అని అమ్మే రంగురంగుల చిన్న పక్షులు నిజానికి బడ్జీలే. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. అయితే బాగా చూసుకుంటే కాకటీల్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. పాప పెళ్లీడుకు వచ్చేదాకా దాని బాధ్యత మీదే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. నా మొదటి బడ్జీల జత ఒకే ఉదయం పోయింది. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద పెట్టి, ఫోను మోగితే హాల్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పెనం మాడుతోంది, వంటింటి పక్క వరండాలో రెండు పక్షులూ పంజరం అడుగున పడి ఉన్నాయి. ఆ పూత మితిమీరి కాలితే వచ్చే పొగ మనకు పెద్దగా తెలియకపోయినా పక్షుల ప్రాణం తీస్తుంది. వాటి ఊపిరితిత్తులు మనవాటికన్నా ఎక్కువగా గాలిని పీల్చి ఒంటికి పట్టిస్తాయి, విషాన్ని కూడా అలాగే. ఆ రోజే ఇనుప పెనానికి మారాను. కోడలు పిల్లకు ఈ మాట గట్టిగా చెప్పు. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్టలు కూడా పక్షి ఉన్న గదిలో వద్దు.

కొర్రలు, సజ్జలు పోస్తే చాలనుకోకు. ఉత్త గింజల తిండితో కాలేయానికి కొవ్వు పడుతుంది, విటమిన్ ఎ కొరవడుతుంది. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము రోజూ పెట్టు. మొదట్లో ముట్టవు; వారాల తరబడి పెడుతూనే ఉండాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి, ఉప్పు పెట్టిన పదార్థాలు అసలే వద్దు. పంజరంలో నున్నటి కర్రలకు బదులు లావు సన్నం కలిసిన జామకొమ్మలు కట్టు, పాదాలు పుండ్లు పడవు. రాత్రి పది పన్నెండు గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. అందుకని టీవీ ఉన్న గదిలో పెట్టకు. బయటికి వదిలేటప్పుడు ముందు ఫ్యాన్ ఆపు. మన ఏప్రిల్, మే ఎండల్లో ముక్కు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి రొప్పుతుంటే వెంటనే చల్లటి గదిలోకి మార్చు. తాగే నీళ్లు రోజుకు రెండు మూడుసార్లు మార్చాలి.

జబ్బు చేసినా పక్షి బయటపడనివ్వదు. బలహీనంగా కనిపిస్తే వేటాడే జంతువు పట్టుకుంటుందన్న భయం దాని రక్తంలోనే ఉంది. చిక్కిపోయినా ఈకలు కప్పేస్తాయి. అందుకే గ్రాములు చూపించే వంటింటి కాటా ఒకటి కొను. వారానికోసారి, ఉదయం తిండి పెట్టకముందు తూచి క్యాలెండర్ మీద రాయి. తొంభై గ్రాముల కాకటీల్ తొమ్మిది గ్రాములు తగ్గిందంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఒళ్లంతా ఉబ్బించుకుని పగలు కునుకుతున్నా అంతే. పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుణ్ణి ఇప్పుడే వెతికి పెట్టుకో. కుక్కలను చూసే వారందరికీ ఇది తెలియదు.

కొనే రోజు నన్నూ పిలువు. కళ్లు తేటగా ఉన్నాయా, తోక కింది ఈకలు పొడిగా ఉన్నాయా, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఎగిరిపడుతోందా అని నేను చూసి చెప్తాను. ఈలోగా పెనం మార్చండి.

మీ అత్తయ్య