కొత్తవాళ్లు రెండోసారి రావట్లేదంటే

వందనాలు బ్రదర్. చర్చికి కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క ఆదివారంతోనే ఆగిపోతున్నారన్నారు కదా. ముందు వాళ్లను నిలబెట్టి మైకులో పరిచయం చెప్పించడం మానేయండి, చాలామందికి అదే టెన్షన్. అసలు సంగతి ఆరాధన అయ్యాక ఉంది. మనం మనవాళ్లతో కబుర్లలో పడతాం, కొత్తాయన గోడపక్కన కాసేపు ఫోన్ చూసుకుని మెల్లగా గేటు దాటేస్తాడు. మా దగ్గరా ఇదే జరిగేది, దాచడమెందుకు!

ఇద్దరికి ఈ పని అప్పగించండి: పక్కన కూర్చోవాలి, పాటల పుస్తకంలో పేజీ తీసివ్వాలి, పేరు గుర్తుపెట్టుకోవాలి. కానుకల సంచి వస్తే "మీరు వేయనక్కర్లేదండీ" అంటే చాలు. ఫోన్ నంబరు ఇవ్వకపోతే పట్టుబట్టొద్దు.

బైబిల్లో యాకోబు పత్రిక 2వ అధ్యాయం మందలించేది మంచి బట్టలవాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్లదగ్గర చోటు ఇచ్చేవాళ్లనే. మీ ముందువరుస కుర్చీలు ఎవరికోసం ఆపుతున్నారో కూడా ఒకసారి చూడండి.