నేనెవరో నా ఫోటోల్లో కనపడింది: తిరుపతి నుంచి నా అనుభవం

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: ఉండేది చిత్తూరు, వయసు ఇరవై రెండు, గేనా కాదా అని తేల్చుకోలేకపోతున్నావు, రోజూ ఫోన్‌తో నీ జీవితాన్ని ఫోటోలు తీసుకుంటూ పోతే ఏమైనా తెలుస్తుందా, ఇంట్లోవాళ్ల కంటపడితే ఎట్లా అని. నాకు ముప్పై నాలుగేళ్లు, తిరుపతి, నేను గే. ఆ సంగతి నాకు ఫోటోలవల్లే తెలిసింది కాబట్టి రాస్తున్నాను. తెలుస్తుంది, కానీ తీసేటప్పుడు కాదు. తీసినవన్నీ వరసగా పెట్టుకుని చూసేటప్పుడు తెలుస్తుంది.

నేను మొదట తీసింది నా గురించి కానే కాదు, గంగజాతర గురించి. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులు ఎట్లా జరుగుతుందో నీకు తెలిసే ఉంటుంది. ఒకరోజు బైరాగి వేషమని ఒళ్లంతా తెల్లగా పూసుకుంటారు, ఒకరోజు తోటి వేషమని బొగ్గు పూసుకుంటారు, మగవాళ్లు చీర కట్టుకుని తలలో పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఆడవాళ్లను వేధించే పాలెగాడనే దొరను పట్టుకోవడానికి అమ్మవారే రోజుకో వేషం వేసిందని మా అవ్వ చెప్పేది. అందుకే ఇక్కడ మీసాలున్న మనిషి చీరలో వస్తే ఎవరూ నవ్వరు, పక్కకు జరిగి దారి ఇస్తారు.

సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి, జూమ్ లేని 50 ఎంఎం లెన్స్ ఒకటి, అంతే నా దగ్గర ఉండేవి. మూడేళ్లు తీశాను. ఒకరాత్రి కరెంటు పోయి, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉన్నంతసేపు అవన్నీ మొదటినుంచి చూస్తూ కూర్చున్నాను. అన్నిటిలో వెతికినా నేను ఒక్కదానిలోనూ లేను. కానీ నా స్నేహితుడు ఒకడు ప్రతిచోటా ఉన్నాడు. గుంపు చివర బండి మీద కూర్చుని, చెమటతో మెడకు అంటుకున్న కాలర్‌తో, కొబ్బరికాయ కొడుతూ. వెలుతురు చూసుకోవడానికి వాణ్ని నిలబెడుతున్నానని అంతవరకూ నిజంగానే అనుకున్నాను. జాతర అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో సగం వాడే!

తరవాతి ఏడాది మా అవ్వ మొక్కు కోసం నేనే వేషం కట్టాను. బియ్యం డబ్బా మీద కెమెరా పెట్టి, పది సెకన్ల టైమర్ నొక్కి వచ్చి నిలబడ్డాను. ఆ ఫోటోలో వాడు మోకాళ్ల మీద కూర్చుని నా కుచ్చిళ్లు సర్దుతున్నాడు, పెదాల మధ్య పిన్నీసు ఉంది, మణికట్టుకు బంతిపువ్వు రేకు ఒకటి అంటుకుని ఉంది. నేను కెమెరాను చూడటం లేదు, వాణ్ని చూస్తున్నాను. నా ముఖం అట్లా ఉండగా నేను అద్దంలో ఎన్నడూ చూసుకోలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చీర కట్టుకున్నాక నేను ఆడమనిషినా అని కూడా చాలా రోజులు నన్ను నేను అడుక్కున్నాను. కాదని తెలిసింది. నేను మగవాణ్నే, నాకు ఇష్టమయ్యేది మగవాళ్లు. ఇంకొకరికి అదే చీరలో తానొక స్త్రీనని తెలియవచ్చు, చాలామందికి అది మొక్కు మాత్రమే. ఎవరిమీద ఇష్టం కలుగుతుందనేది వేరు, నువ్వు మగా ఆడా అనేది వేరు. ఈ రెండూ కలిపేసుకుని నేను రెండేళ్లు అనవసరంగా బాధపడ్డాను.

వాడికి చెప్పాను. వాడికి నా మీద అట్లాంటిదేమీ లేదు, ఇప్పుడు పెళ్లయి పిల్లలున్నారు. కొన్ని నెలలు మాట్లాడలేదు, తరవాత మాట్లాడాడు. వాడి ఫోటోలు మాత్రం వాడి ముందే కూర్చుని, ఉంచమన్నవి ఉంచి మిగతావి తీసేశాను. ఇది నువ్వు తప్పకుండా చెయ్యి. ఈరోజు సరేనన్న మనిషి రేపు వద్దంటే వద్దనే.

ముఖం కనపడాలని రూలేమీ లేదు. సునీల్ గుప్తా అనే ఫోటోగ్రాఫర్ 1980లలో ఢిల్లీలో గేల ఫోటోలు తీసినప్పుడు అట్లాంటి సంబంధాన్ని నేరమనే 377 సెక్షన్ ఇంకా అమల్లో ఉంది, అందుకని చాలామంది ముఖాలు కనపడకుండా తీసి, వాళ్ల మాటల్ని పక్కన పెట్టాడు. పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది కానీ, ఇంట్లో భయం తీర్పుతో పోదు కదా. నీ గది, నీ చెప్పులు, కాట్పాడి బస్సు కిటికీ, ఏదైనా తియ్యి. కింద తేదీ వేసి, ఆ క్షణంలో ఎవరు పక్కనుంటే బాగుండనిపించిందో ఒక్క ముక్క రాసుకో. రెండు మూడు నెలలు వెనక్కి తిరిగి చూడకు.

ఇంట్లో సంగతికొస్తే, నేను చేసిన తప్పు చెప్తాను. ఇంటి ల్యాప్‌టాప్‌లోనూ నా అకౌంటే ఉండేది, ఫోన్‌లో తీసినవన్నీ దానంతట అదే అక్కడికి వెళ్లిపోయాయి, మా అక్క చూసింది. రెండు రోజులు ఏమీ అనలేదు, మూడోరోజు డాక్టర్ దగ్గరికి పోదామా అంది, కోపంతో కాదు, భయంతో. నువ్వు ముందే ఆటోమేటిక్ బ్యాకప్ ఆపేయ్, కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయ్, వేరే అకౌంట్ పెట్టుకో. ఎవరైనా డాక్టర్ నిన్ను మారుస్తానంటే నమ్మకు, అట్లా చెయ్యడం వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. మనసు మరీ బరువైతే 14416కి ఫోన్ చెయ్యి, అది మనసు బాగాలేనివాళ్లకోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ అనే ఫోన్ లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

మా అక్కకు ఆ బియ్యం డబ్బా ఫోటో చూపించి మొత్తం చెప్పాను. చాలాసేపు చూసి, "వాడికి తెలుసారా?" అని అడిగింది. తెలుసన్నాను. ఇంకో కాపీ వేయించి తనకిమ్మంది, ఇప్పటికీ తన బీరువాలోనే ఉంది.